ఒళ్లు చేసిందనుకున్నాం

ఆ రోజు పొద్దున సుగుణకు నీళ్లు పోస్తూ కాళ్ల కడియాలు తీయబోతే రాలేదు. దాన్ని వాళ్ల అవ్వ ఊరికి పంపేటప్పుడు అవి నడుస్తుంటేనే జారిపోయేవి. సబ్బు రాసి లాగితే వచ్చాయి గానీ, కడియం ఉన్నచోట గాడి అలాగే నిలిచిపోయింది. నా బిడ్డకు అప్పుడు అయిదేళ్లు. దాన్ని ముందురోజే ఊరి నుంచి తీసుకొచ్చిన మా అత్త ఆ కాళ్లు చూసి మురిసిపోయింది.

"చూడు మే, మా ఊర్లో ఉంటే ఎట్ల ఒళ్లు చేసినాదో. మీ గుంతకల్లు నీళ్లలో ఏముండాది?"

ఆమె ఊరు ముదిగుబ్బ పక్కన. వానలు మొహం చాటేసి, వేరుశనగ చేలోనే మాడిపోయిన ఏడాది అది. అందరూ ఎముకల గూళ్లయిపోతున్న రోజుల్లో బుగ్గలున్న పిల్ల కనబడితే ఎవరికి ముచ్చట కాదు? మా ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్. క్వార్టర్సులో ఆడవాళ్లు సుగుణను వంతులవారీగా ఎత్తుకుని బరువు చూశారు. నాకూ గర్వంగానే ఉంది. కాకపోతే ఆ గాడి మాత్రం మనసులో గుచ్చుకుంది.

మర్నాటికి కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి. మూత్రం కొంచెమే వస్తోంది, అదీ నురగలు. అంతమంది చూపులు పడ్డాయని అత్త దిష్టి తీసింది. పొట్ట ఉబ్బేసరికి నేనిక ఎవరి మాటా వినకుండా పిల్లను చంకనేసుకుని రైల్వే ఆసుపత్రికి పోయాను.

డాక్టరు మోకాలి కింద ఎముక మీద బొటనవేలు పెట్టి కాసేపు నొక్కి తీశాడు. గుంట పడింది, పూడలేదు. తర్వాత మూత్రాన్ని టెస్ట్‌ట్యూబులో కాచాడు. కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది.

"ఇది కండ కాదమ్మా, నీరు," అన్నాడు.

మద్రాసులో పిల్లల స్పెషలిస్టుల దగ్గరికి వెంటనే తీసుకుపొమ్మన్నాడు. రైల్వే పాసు పుణ్యమా అని మెయిలు ఎక్కాం. పిల్లలకోసమే ఒక ఆసుపత్రి ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. అరవం ముక్క రాని నాకు, అక్కడి డాక్టరమ్మ నెల్లూరు మనిషి కావడం ఎంత ధైర్యమో చెప్పలేను. రక్తం తీసి, మూత్రం పట్టి, రెండు రోజులకు జబ్బు పేరు చెప్పింది: నెఫ్రోటిక్ సిండ్రోమ్. కిడ్నీల్లో వడపోత చెడి, ఒంటికి సత్తువనిచ్చే ఆల్బుమిన్ మూత్రంలో పోతోందట. అందుకే నీరు నిలిచిందట.

బతుకుతుందా అని సూటిగా అడిగాను. ఆమె కూడా సూటిగానే చెప్పింది. ఇదివరకు ఇలాంటి పిల్లలు చాలామంది దక్కేవారు కాదట. ఇప్పుడు ప్రెడ్నిసొలోన్ మాత్రలొచ్చాయట, చూద్దామంది. కల్ల మాటలతో నన్ను జోకొట్టనందుకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

రెండో వారంలో మూత్రం ధారగా రావడం మొదలైంది. నీరంతా పోయాక చూస్తే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, కాళ్లు పుల్లలు. నేను గొల్లుమన్నాను. డాక్టరమ్మ నవ్వింది.

"ఎందుకమ్మా ఏడుస్తావు? నీ అసలు పిల్ల ఇదే."

ఇంటికి పంపే ముందు, మాత్రలతో ముఖం గుండ్రంగా అవుతుంది, ముఖాన్ని నమ్మొద్దు అని హెచ్చరించింది. రోజూ పొద్దున మూత్రం కాచి చూడడం నాచేతే చేయించి నేర్పింది. టెస్ట్‌ట్యూబులో మూత్రం పైభాగం కాస్తే తెల్లబడి, ఆసిడ్ రెండు చుక్కలు వేసినా అలాగే ఉంటే ఆల్బుమిన్ ఉన్నట్టు. మాత్రలు తనను అడగకుండా ఆపొద్దంది. వాపు ఉన్నన్నాళ్లు ఉప్పు వద్దంది.

ఇంట్లో పెద్ద రభసే అయింది. వంటింటి పొయ్యి మీద ఉచ్చ కాస్తావా అని మా అత్త నాతో మాట్లాడడం మానేసింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని నా పని నేను చేసుకున్నాను.

రెండు నెలలకు సుగుణకు దగ్గు, జ్వరం వచ్చాయి. ముఖం మాత్రల వల్ల ఎప్పుడూ గుండ్రమే కాబట్టి చూసి ఏమీ పోల్చుకోలేం. మూడోనాడు ట్యూబు తెల్లబడింది. నేను ట్యూబును వెలుగుకేసి తిప్పి తిప్పి చూస్తుంటే అత్త పెరట్లోకి వచ్చింది. ఆ తెలుపు చూసింది. పిల్ల దగ్గర కూర్చుని, కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. గుంట ఇంకా పడలేదు.

"ఇంగా నీరు పట్టలేదు మే. వాపు రాకముందే పోదాం, లెయ్," అంది.

మళ్లీ మద్రాసు పోయాం. అది రిలాప్స్. ముందే తెచ్చావని డాక్టరమ్మ నా భుజం తట్టింది. ఆ తర్వాత మరో రెండుసార్లు తిరగబెట్టింది. ఉప్పు మానిన ప్రతిసారీ పిల్ల సంగటి ముద్ద తోసేసేది. అప్పుడు మా అత్త తన తట్టలో కూడా ఉప్పులేని ముద్దే పెట్టించుకుని, దాని ఎదురుగా కూర్చుని తినేది. ఊరగాయ లేనిదే ముద్ద దిగని మనిషి.

ఇప్పుడు సుగుణ హైస్కూలుకు పోతోంది. మాత్రలు ఆపి చాలా ఏళ్లయింది. చువ్వలా ఉంటుంది. మొన్న ఊరికి పోతే, పిల్లకు కూడు పెట్టడం లేదా అని చుట్టాలావిడ నన్ను దెప్పింది. నేను నోరు తెరిచేలోపే మా అత్త అందుకుంది.

"సన్నంగానే ఉండనీ లెమ్మా. మా బిడ్డ అట్లుంటేనే మాకు నిద్ర పడతాది."

చదివే తల్లులకు నేను చెప్పేది ఒక్కటే. పిల్ల ఉన్నట్టుండి బొద్దుగా అయితే మురిసిపోయే ముందు మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి చూడండి. గుంట నిలిస్తే ఆ పూటే ఆసుపత్రికి నడవండి. మా అత్త ఈ మాట నోటితో చెప్పదు. ఊళ్లో ఎవరైనా బొద్దుపిల్లను తెచ్చి ఒళ్లో పెడితే, ముద్దాడక ముందే ఆమె చెయ్యి ఆ పిల్ల కాలి మీదికి పోతుంది.