అగ్నిపర్వతంలో మరచెంబు

ఎనభైల మొదట్లో మా ఆడపడుచు అమెరికా చూడటానికి ఒహాయోలోని మా ఇంటికి వచ్చింది. మా ఆయనకు స్వయానా అక్క, నాకు వదిన. తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై ఏడేళ్లు సోషల్ చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఆవిడ గదిలోకి వస్తే నేను ఇప్పటికీ చేతిలో ఉన్నది కింద పెట్టి లేచి నిలబడతాను, నేను ఆ బడిలో చదవకపోయినా సరే.

ఆ రోజుల్లో మన దేశం నుంచి ఎవరొచ్చినా అందరూ ముందు తీసుకెళ్లేది నయాగరాకే. మా ఆయన కూడా కారు కడిగి, పెట్రోలు నింపి సిద్ధమయ్యారు. వదిన ససేమిరా అంది.

"నీళ్లు పైనుంచి కింద పడటం చూట్టానికి అంత దూరం ఎందుకురా? కింద నుంచి పైకి పోతుంటే చెప్పు, వస్తాను."

"మరేం చూస్తావక్కా?"

"అగ్నిపర్వతం."

ఏటా తొమ్మిదో తరగతికి బోర్డు మీద అగ్నిపర్వతం బొమ్మ వేసేదట. మధ్యలో గొట్టానికి ఎర్ర సుద్దముక్క, పైన పొగకు తెల్లది. అంతమంది పిల్లలకు చెప్పింది గానీ తను ఒక్కదాన్నయినా చూసిన పాపాన పోలేదు. "చూడనిదాన్ని చూసినట్టు చెప్పి జీతం తీసుకున్నాన్రా" అంది తమ్ముడితో. ఆ ఒక్క మాటతో మా ఆయన కరిగిపోయారు. చిన్నప్పుడు ఆయనకు జడ వేసి, బడికి ఎత్తుకెళ్లిన అక్క మరి. మర్నాడు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "హవాయికి టికెట్స్ బుక్ చేశాను" అన్నారు. నేను మూడేళ్లుగా ఫ్లోరిడా అడుగుతున్నాను. అది వేరే సంగతి.

అసలు సంగతి ఎంగిలి. వదినకు ఎంగిలి పట్టింపు. తన గ్లాసు వేరు. ఆ గ్లాసు బోర్లించే చోటు వేరు. మూతికి తగలకుండా ఎత్తి, గటగటా పోసుకుని, ఒక్క చుక్క చీర మీద పడకుండా దించేది. వంట చేస్తూ నేను గరిటెతో చేతిలో వేసుకుని ఉప్పు చూస్తే, ఆవిడ కళ్లు నా చేతి వెంటే తిరిగేవి. నేను పనిచేసేది హాస్పిటల్ లాబ్‌లో. జనాల గొంతుల్లోంచి తీసుకొచ్చిన దూదిపుల్లలను గాజు పళ్లేల మీద రాసి, మర్నాటికి మొలిచిన పురుగులను లెక్కపెట్టే ఉద్యోగం. ఎంగిలి ఎందుకు కూడదో తెనాలి హెడ్‌మిస్ట్రెస్ కంటే నాకే బాగా తెలియాలి. తెలుసు కూడా. కానీ అమెరికా వచ్చి తొమ్మిదేళ్లయింది. లాబ్‌లో నలుగురం ఒకే కోకు సీసా తాగేవాళ్లం. మొదటిసారి వాంతి వచ్చినంత పనైంది. ఆ తరువాత అదే నా గొప్ప. నేను మారాను, ఎదిగాను, కావాలంటే చూసుకోండి అన్నట్టు తాగేదాన్ని. వదినదీ నాదీ ఒకటే తీరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కుందేళ్లే వేరు.

హవాయిలో మావి అనే ద్వీపంలో హాలియాకలా అనే కొండ ఉంది. నిద్రపోతున్న అగ్నిపర్వతం. కింద సముద్రం ఒడ్డున చెమటలు కక్కే ఎండ, అరటి చెట్లు. కారులో రెండు గంటలు పైకి పోతే పదివేల అడుగుల ఎత్తులో చలికి పళ్లు టకటకలాడతాయి. వదిన వెంకటగిరి నూలు చీర మీద మా ఆయన ఓవర్‌కోటు, తలకు మంకీ క్యాపు, కాళ్లకు కొత్త కాన్వాసు బూట్లు వేసుకుని అంచున నిలబడింది. ఎదురుగా ఊళ్లకు ఊళ్లు పట్టేంత గొయ్యి. అడుగున ఎర్రవి, నల్లవి, ఇటుకరంగువి చిన్నచిన్న బూడిద గుట్టలు.

"బొమ్మ తప్పు వేశానే" అంది నాతో. "ఇంత పెద్దదని పిల్లలకు చెప్పనే లేదు."

అక్కడున్న పార్కు ఉద్యోగి ఒకామె మాకు శ్రద్ధగా చెప్పింది. లోపల ఎక్కడా తాగేందుకు నీళ్లు లేవు. దిగడానికి పట్టే సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుంది. ఎండ తెలియదు గానీ మాడ్చేస్తుంది. మా ఆయన అన్నిటికీ తల ఊపారు. ఆయన టైర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఎవరేం చెప్పినా ముందే తెలిసినట్టు తల ఊపడం ఆ ఉద్యోగంలో అబ్బిన విద్య. మా దగ్గర నీళ్లకు లోటేమీ లేదు. మా ఇద్దరికీ రెండు పెద్ద సీసాలు, వదినకు తెనాలి నుంచి వచ్చిన ఇత్తడి మరచెంబు. మూత తిప్పి బిగిస్తే రైల్లో పడేసినా చుక్క కారదు.

దిగుతున్నాం. కాలి కింద సన్నటి బూడిద జరుగుతోంది, నడక దానంతటదే సాగిపోతోంది. ఒక మలుపు దగ్గర నేను నా సీసా నోట కరుచుకుని తాగి, మా ఆయనకిచ్చాను. ఆయనా అలాగే తాగారు. వెనక నుంచి ఇద్దరు అమెరికన్లు వస్తున్నారు. వాళ్లు వినేటంత గట్టిగా, తెలుగులోనే అయినా బడిగొంతుతో వదిన అంది:

"పొద్దస్తమానం పురుగుల్ని చూసే ఉద్యోగం. బుద్ధి మాత్రం రాలేదే నీకు!"

వాళ్లకు అర్థం కాదు. కానీ ఒక ఆడది ఇంకో ఆడదాన్ని తిడుతోందని ఏ భాషవాళ్లకైనా తెలుస్తుంది. వాళ్లు మర్యాదగా పక్కకు చూస్తూ దాటిపోయారు. రెండు నెలలుగా గరిటె గరిటెకూ మింగిన కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది నాకు.

గంటన్నరకు ఒక ఎర్రటి బూడిద గుట్ట దగ్గర ఆగాం. మా ఆయన కెమెరాలో రీలు మారుస్తున్నారు. మరచెంబు రాతి మీద ఉంది. వదిన నాకు ఎదురుగా నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంది. నేను చెంబు తీసుకున్నాను. మూత తిప్పాను. ఆవిడ మొహంలోకి చూస్తూ, అంచును పెదవులతో పట్టుకుని నాలుగు గుక్కలు తాగాను. మళ్లీ మూత బిగించి, "చల్లగా ఉన్నాయి వదినా" అన్నాను.

ఆవిడ చెంబు తీసుకుని సంచిలో పెట్టుకుంది. "పదండి, అడుగుదాకా దిగుదాం" అంది. ఆ తరువాత దారంతా ఏ గుట్ట ముందు పుట్టిందో, ఏది తరువాతో, బూడిదకు రంగులు ఎందుకొస్తాయో మా ఇద్దరికీ పాఠం చెప్పుకుంటూ నడిచింది. అంత హుషారుగా ఆవిడను నేనెప్పుడూ చూడలేదు. గెలిచాననుకున్నాను. పాత పట్టింపులు ఇలా ఒక్క దెబ్బతో పోతాయన్నమాట అనుకున్నాను.

అడుగున కూర్చుని పులిహోర తిన్నాం. వదిన రెండు ముద్దలు తిని చాలంది. నీళ్లు కావాలా అని తమ్ముడు అడిగితే "దాహం లేదురా" అంది. నాకు అనుమానం రావాలి. రాలేదు. నేను ఇంకా నా విజయంలోనే ఉన్నాను.

ఎక్కడం మొదలైంది. రెండడుగులు పైకి వేస్తే బూడిద ఒకడుగు కిందికి లాగుతుంది. గాలి పలచన. మేఘాలు కింద గండి నుంచి లోపలికి వస్తున్నాయి గానీ మా మీద మాత్రం ఎండే. మొదటి గంట వదిన పాఠం చెబుతూనే ఉంది. రెండో గంటకు మాటలు తగ్గాయి. ఆపైన ఆగిపోయాయి. హెడ్‌మిస్ట్రెస్ మాట్లాడటం లేదంటే ప్రమాదమని గ్రహించడానికి లాబ్ చదువు అక్కర్లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ దారి పక్కన కూలబడి ఉంది. పెదవులు తెల్లగా పగిలాయి. "బెల్లు కొట్టారా?" అంది. ఏ బెల్లు అని అడిగే ధైర్యం రాలేదు మాకు.

మా ఆయన సీసా మూత తీసి ఆవిడ నోటి దగ్గర పెట్టారు. వదిన మొహం పక్కకు తిప్పుకుంది.

"వద్దురా."

"అక్కా, ఇది ఎమర్జెన్సీ. డీహైడ్రేషన్. ఎత్తి పోస్తాను, నీ నోటికి తగలదు."

"మీ నోటికి తగిలిందిగా."

"మరి నీ చెంబు ఏదే?"

ఆవిడ సంచి గుండెలకు హత్తుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. నేను చెంబు ఎంగిలి చేసినప్పటి నుంచి నాలుగు గంటలుగా, ఆ ఎండలో, ఆ ఎత్తులో ఆవిడ ఒక్క చుక్క తాగలేదు. చెంబు నిండుగానే ఉంది. నేను తాగిన నాలుగు గుక్కలే తక్కువ. నా వల్ల ఈ మనిషి చచ్చిపోతుందన్న మాట ఉన్నదున్నట్టుగా మనసులోకి వచ్చింది. అయినా సరే, నేనే ఎంగిలి చేశానని మా ఆయనతో నోరు విప్పి చెప్పలేదు. ఆయన ఒకసారి బతిమాలారు, ఒకసారి కోప్పడ్డారు, చివరికి చిన్నపిల్లాడిలా "అక్కా, అక్కా" అంటూ ఏడుపు మొదలుపెట్టారు. మూడు పాత్రల్లో నీళ్లు పెట్టుకుని మేము ముగ్గురం ఎడారిలో ఉన్నాం.

అప్పుడే పైనుంచి ఒక అమెరికన్ పెద్దావిడ దిగుతోంది. అరవై దాటి ఉంటాయి. తెల్లటి జడ, ఎండకు తోలు ఊడిన ముక్కు, వీపు మీద తన బరువంత మూట. ఒక్క చూపుకే అంతా తెలిసిపోయింది ఆవిడకు. మమ్మల్ని జరగమని, వదిన ముందు మోకాళ్ల మీద కూర్చుని, నడుముకున్న సీసా తీసింది. తనే ముందు ఒక గుక్క నోరు పెట్టి తాగి, "ఇంకా చల్లగానే ఉన్నాయి, హనీ" అని రెండు చేతులతో అందించింది.

నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వదిన రెండు చేతులతో ఆ సీసా పట్టుకుని, మూతి పెట్టి, పసిపిల్ల పాలు తాగినట్టు తాగుతోంది. "థాంక్యూ మేడమ్" అంది. మళ్లీ తాగింది. అమెరికావిడ కొంచెం తాగి మళ్లీ ఇచ్చింది. వదిన మళ్లీ తాగింది. మా ఆయన నోరు తెరిచి చూస్తున్నారు.

"ఏంటక్కా ఇది?" అన్నారు కాసేపటికి.

"పరాయి మనిషి, అంత ప్రేమగా చేతికిస్తే వద్దని ఎలా అంటాంరా?" అంది వదిన. గొంతు తిరిగొచ్చింది. తాగిన సీసా నా వైపు చాపింది. "నువ్వూ తాగు. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

సీసా అందుకున్నాను. అమెరికావిడ నా వైపే నవ్వుతూ చూస్తోంది. నోరు పెట్టి తాగుదామనే అనుకున్నాను, ఒట్టు. చెయ్యి దానంతటదే పైకి లేచింది. తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి పోసుకోబోయాను. అలవాటు తప్పి తొమ్మిదేళ్లు. పైగా కొండగాలి. సగం నీళ్లు ముక్కులోకి, సగం బూడిదలోకి. పొలమారి దగ్గుతూ వంగిపోయాను.

"అలా తాగుతోందేం?" అని అడిగింది అమెరికావిడ, నిజమైన ఆసక్తితో.

వదిన నిటారుగా కూర్చుంది. పాఠం చెప్పే ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది: "షీ ఈజ్ వెరీ ఆర్థోడాక్స్, మేడమ్. ప్లీజ్ డోంట్ మైండ్."

దగ్గు వల్ల నేను కాదని చెప్పలేకపోయాను. అమెరికావిడ ఆ సీసా మాకే వదిలేసి, దారి పొడవునా నెమ్మదిగా నడవమని చెప్పి కిందికి వెళ్లిపోయింది. మిగిలిన ఆ కొంచెం ఎక్కడానికి మాకు ఇంకో రెండు గంటలు పట్టింది.

కారులో మా ఆయన ముందు కూర్చుని, మలుపులు చూసుకుంటూ డ్రైవ్ చేస్తున్నారు. నేను వదిన పక్కన వెనక సీట్లో. దిగేకొద్దీ చలి తగ్గి, పచ్చటి గడ్డి, తరువాత చెట్లు వస్తున్నాయి. పదేళ్ల కాపురంలో ఆవిడకు నేను ఎప్పుడూ ఏ తప్పూ ఒప్పుకోలేదు. గొంతు తగ్గించి అన్నాను:

"వదినా, ఆ చెంబు నేను కావాలనే ఎంగిలి చేశాను."

"చూశాగా."

"మరి మీరు అలా... నాలుగు గంటలు... ఎంగిలి కోసం ప్రాణం పోగొట్టుకుంటారా ఎవరన్నా?"

వదిన నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. బూడిద అంటి ఇద్దరి చేతులూ ఒకటే రంగుగా ఉన్నాయి.

"పిచ్చిదానా, ఎంగిలిదేముందే? ప్రాణం మీదికొస్తే ఎవరిదైనా తాగుతాం. ఇవాళ తాగలా? అది కాదు. నువ్వు నా మొహంలోకి చూస్తూ తాగావు" అంది. "ఆ నీళ్లు నాకు గొంతు దిగలేదే."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. మా ఆయన అద్దంలో చూసి, ఎత్తు నుంచి దిగుతుంటే ఎయిర్ ప్రెషర్ మారి కళ్ల వెంట నీళ్లు రావడం చాలా కామన్ అని మాకు వివరించారు.