ఖాళీ వదలని నీలం కాగితం

రాయదుర్గం దగ్గరి ఒక ఊళ్లోని సర్కారు ప్రాథమిక పాఠశాలలో శనివారాలు పిల్లలకు బొమ్మలు నేర్పుతానని నాకు నేనుగా వెళ్లి అడిగాను. ఎవరూ బతిమాలలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. పత్రికలో చాలా ఏళ్లు డెస్కు ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చుని పొద్దున్నే పేపర్లో తప్పులు వెతుకుతూ అందరినీ విసిగించడం కంటే ఇది మేలనుకున్నాను. ఇంట్లోవాళ్ల విసుగు తీరింది. నాది మొదలైంది.

నేననుకున్న పద్ధతి సులువైనదే. నెలకు ఒక పేరుమోసిన చిత్రకారుడు. ఆయన బొమ్మలు ప్రింటు తీయించి చూపించాలి, ఆ తీరులో పిల్లల చేత ఒక బొమ్మ చేయించాలి. మొదటి నెల పొద్దుతిరుగుడు పూలను కూజాలో పెట్టి గీసినాయన వంతు. ఆ పసుపు రంగు గొప్పతనం గురించి నేను చెబుతుంటే రెండో తరగతి పిల్లవాడొకడు చేయెత్తాడు.

"పూలు అప్పుడే కోసేస్తే గింజలు యాడ పడతాయి సార్? ఆయప్పకు సేద్యం తెల్దా?"

తెలియదన్నాను. దాంతో తరగతి మొత్తానికి ఆయన మీద గౌరవం పోయింది.

రెండో నెల ఉత్త చుక్కలతో బొమ్మలు వేసినాయన. గీత గీయకూడదు, చుక్కలే పెట్టాలి అని పదిసార్లు చెప్పాను. మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఆడపిల్లలంతా చుక్కలు కలిపి ముగ్గులేసి కూర్చున్నారు. ఇదేమిటని అరిస్తే ఒకతె నన్నే అడిగింది: "చుక్కలు పెట్టి ఊరికే వదిలేస్తారా సార్ ఎవురన్నా?"

ఈ రెండుసార్లూ హెడ్‌మాస్టరు మేడం నవ్వింది. మూడో నెల మాత్రం నవ్వే స్థితిలో లేదు. ఊళ్లోకి ప్రైవేటు స్కూలు వ్యాను రావడం మొదలైంది. బళ్లో పిల్లలు ఇంకా తగ్గితే మూడు, నాలుగు, ఐదు తరగతులను రోడ్డవతలి ఊరి బడిలో కలిపేస్తారు. ఆ రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో అందరికీ తెలుసు. నాలుగో తరగతిలో ఒక పిల్ల తండ్రి రాయదుర్గంలో జీన్స్ యూనిట్‌లో బట్ట కోసే కటింగ్ మాస్టరు. ఆయన అప్పటికే ఒకసారి వచ్చి టీసీ అడిగి పోయాడట.

"ఆయప్ప పోతే ఆ వీధంతా పోతాది సార్. వచ్చే నెల తల్లిదండ్రుల మీటింగు. ఆ పొద్దు మన గోడ చూసి వాళ్లు టీసీ అని నోరు తెరవకూడదు," అంది మేడం. గోడ బాధ్యత నాది.

సరే, గోడ నిండాలంటే కత్తెర మేలనుకున్నాను. ముసలితనంలో లేచి నిలబడలేక, మంచం మీద కూర్చునే రంగు కాగితాలు కత్తిరించి బొమ్మలు చేసిన చిత్రకారుడొకాయన ఉన్నాడు. ఆకులు, పక్షులు, చేపలు, వాటి చుట్టూ హాయిగా గాలాడేంత తెల్లటి జాగా. ఈ ఊళ్లో కత్తెర పట్టడం రాని పిల్లలు లేరు. తల్లులు యూనిట్లలో కుట్టిన ప్యాంట్లను మూటలుగా ఇంటికి తెచ్చుకుని వేలాడే దారాలు కత్తిరిస్తుంటారు, పిల్లలు పక్కనే కూర్చుంటారు. కళ్యాణదుర్గంలో నీలం కాగితాలు కొనుక్కొచ్చి పంచాను.

"గీయొద్దు, కొలవొద్దు. మీకు ఇష్టమొచ్చినట్టు కత్తిరించండి," అన్నాను.

ఒక్క చేయీ కదలలేదు. చివరకు కటింగ్ మాస్టరు కూతురు లేచింది.

"గీయకుండా ఎట్ల కోస్తారు సార్? తప్పు కోస్తే పీసు పోతాది."

"పోతే పోనీ."

నేనేదో బూతు మాట అన్నట్టు తరగతంతా నావైపు చూసింది. "మా నాయన ముందర ఈ మాట అనద్దండి సార్," అని ఆ పిల్ల మెల్లగా హెచ్చరించింది.

తర్వాత ఆమె తన నోటుబుక్కు అట్ట చింపి ఆకు ఒకటి, చేప ఒకటి, పక్షి ఒకటి అచ్చులు చేసుకుంది. వాటిని నీలం కాగితం మీద పెట్టి జరపడం మొదలుపెట్టింది. ఆకు వంపులోకి చేప తోక, చేప పొట్ట కిందికి పక్షి రెక్క. తిప్పుతుంది, తల వంచి చూస్తుంది, మళ్లీ తిప్పుతుంది. గంట కొట్టేదాకా కత్తెర ముట్టలేదు. మరుసటి శనివారానికి అందరి దగ్గరా అట్ట అచ్చులే. నోటుబుక్కుల్లో ఒక్కదానికీ అట్ట లేదు.

చివరకు కత్తిరించారు. ఎంత పొదుపుగా అంటే, కింద రాలిన ముక్కలన్నీ కలిపినా నా గుప్పెట్లో పట్టాయి. ఇక తెల్ల చార్టు మీద అతికించాలి. విడివిడిగా అతికించండని చెప్పాను. వాళ్లు ఏ ముక్క ఏ ముక్క పక్కన ఉండేదో గుర్తుపెట్టుకుని, అంచుకు అంచు ఆనించి, వెంట్రుకంత సందు లేకుండా అతికించారు. రెండు శనివారాలు కష్టపడి కత్తిరించి, మళ్లీ అదే నీలం కాగితాన్ని తయారుచేశారు.

"చేప ఏదమ్మా?" అన్నాను.

"ఇదో సార్, ఆకు కింద."

"చేప చుట్టూ కాస్త ఖాళీ ఉంటే కదా అది చేపని తెలిసేది?"

"ఖాళీ అంటే వేస్టే కదా సార్?"

మా డెస్కులో పేజీ అడుగున రెండు వేళ్ల జాగా మిగిలితే ఇన్‌ఛార్జి పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. వేరుశనగ ధరో, బస్సుల వేళలో పెట్టి ఆ జాగా పూడ్చడంతోనే నా ఉద్యోగం గడిచింది. ఈ సంగతి ఆ పిల్లకు చెప్పలేదు.

మీటింగుకు ముందురోజు మేడం వచ్చి చూసింది. "ఇదేంది సార్, గోడకు నీలం రంగు కొట్టించినారా?" అంది. తగిలించడానికి ఇంకేమీ లేదు కాబట్టి అవే ఉంచింది.

మీటింగు రోజు తల్లులు గోడ దగ్గర చేరి వేలితో అంచులు తడుముతూ తమలో తాము ఏదో లెక్కలేసుకున్నారు. కటింగ్ మాస్టరు ఆలస్యంగా వచ్చాడు. గోళ్ల సందుల్లో నీలం, చొక్కా మీద నీలపు నూగు. కూతురి చార్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ చేపను తిప్పి పెట్టింటే ఇంకో ఆకు పడేది," అన్నాడు. మేడం మొహం వెలిగింది. ఆయన మావైపు తిరిగాడు. "ఇది ఎవురు నేర్పినారు?"

"నేనే," అన్నాను. సిగ్గులేకుండా.

"ఈ పని నేర్చుకునేదానికైతే ఇంట్లోనే నేర్పేవాణ్ణి కదా సారూ? ఈ కత్తెర దాని చేతికి రాకూడదనే నేను బడికి పంపిస్తాండేది. మీరు దాన్నే నేర్పి గోడకు తగిలిస్తే, ఇంక ఈడ ఎందుకుండల్ల?"

నేను మంచం మీది ముసలి చిత్రకారుడి కథ మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా విన్నాడు. నా మాటలు నాకే చప్పగా ఉన్నాయి. మధ్యలో ఆయన కూతురు అడ్డొచ్చింది.

"సారు నేర్పలేదు నాయనా. సారుకు కోసేదే రాదు. సారు చెప్పినట్ల కోసింటే పేపరంతా వేస్టయ్యేది."

తల్లులు నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆయనకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

"మరి సారుకేమొస్తాది?"

"ఇంగ్లీషు!" అంది మేడం, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా. "సారు పేపర్లో పనిచేసినారప్పా. ఇంకమీద శనివారం శనివారం ఇంగ్లీషు చెప్తారు."

ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నేను పనిచేసింది తెలుగు పేపర్లో. ఇంగ్లీషులో వచ్చిన వార్తను తెలుగు చేయడం వచ్చు గానీ, నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడమంటే నాకే చెమటలు పడతాయి. మేడం నావైపు చూసిన చూపులో రోడ్డవతలి బడి కనిపించింది. తలూపాను.

"బొమ్మలు లేవు కదా?" అని ఆయన మళ్లీ అడిగాడు.

"లేవప్పా."

"సరే. ఈ ఏడు చూస్తాం."

ఆ వీధిలో ఎవరూ టీసీ అడగలేదు. తరగతులు మూడూ ఇక్కడే ఉన్నాయి. మిగిలిన నీలం కాగితాలు బీరువాలో ఉన్నాయి. ఎప్పుడైనా అడిగితే, తాళంచెవి కనపడలేదంటుంది మేడం.

శనివారాలు ఇంగ్లీషు చెబుతున్నాను. కటింగ్ మాస్టరు కూతురి చేతిరాత చక్కగా ఉంటుంది. కానీ పేజీ ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా ఒక్క సందు లేకుండా రాస్తుంది. ఏ మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఆ దేవుడికే తెలియాలి.

"మాటకూ మాటకూ మధ్య వేలెడు ఖాళీ వదలాలమ్మా."

ఆమె పేజీని పైనుంచి కిందికి చూసి లెక్క కట్టింది. "పేజీకి రెండు లైన్లు పోతాయి సార్."

"పోతే—" అనబోయి ఆగాను. "మా నాయన ముందర" అని మళ్లీ మొదలుపెడుతుంది.

నెల రోజులు వాదించాను. ఇప్పుడు వదులుతోంది. వేలెడన్నాను కదా అని, తన చిటికెన వేలు పెట్టి కొలిచి వదులుతోంది. ఒప్పుకున్నాను.