జున్ను తరఫున నేను తాగిన కల్లు

రోజూ బ్యాంకు కౌంటర్లో కూర్చుని ఎంతమందికి చెబుతానో తెలుసా, "పూర్తిగా చదవకుండా ఎక్కడా సంతకం పెట్టకండి" అని! ఆ నేనే ఏం చేశానో వినండి. ఒక దొప్పెడు కల్లు తాగి మా కుక్కని ఇచ్చేసి వచ్చాను! నవ్వకండర్రా, టీ ఒలికిపోతుంది.

మా జున్ను తెలుసుగా, పొమేరియన్. మూడేళ్ళు నిండాయి. ట్రాన్స్‌ఫర్ మీద అరకు వచ్చిన కొత్తలో మాకు ఇక్కడ పలకరించే దిక్కు లేదు. చలికి వణుక్కుంటూ నేనూ, మా ఆయన రమణా, జున్నూ ఒకే దుప్పట్లో దూరేవాళ్ళం. పిల్లల్లేని ఇంట్లో అదే పిల్ల. అందుకే దాని జన్మకి ఒక్కటంటే ఒక్క ఈత, అదీ పద్ధతిగా జరగాలని పంతం పట్టాను.

పశువుల డాక్టరు గారి చేత మోకాళ్ళు చూపించాను, గుండె చూపించాను, రక్తపరీక్ష చేయించాను. టీకాలు, నట్టల మందు అన్నీ అయ్యాయి. ఇంకా పుట్టని పిల్లల్ని పెంచుకుంటామన్న రెండు కుటుంబాలకి ఇంటర్వ్యూలు కూడా పెట్టేశాను. "మీ నాన్న నీకు సంబంధం చూసేటప్పుడు ఇందులో సగం ఎంక్వైరీ చేసుంటే నేను బతికిపోయేవాణ్ణి" అని రమణ ఒకటే దెప్పుడు.

ఇక పెళ్ళికొడుకు లడ్డూ. డుంబ్రిగుడ దాటాక ఓ కొండమీది ఊళ్ళో బుద్రమ్మ అని, చిన్న కాఫీ తోట ఉందావిడకి. ఎవరో ఆఫీసరు బదిలీ అయి వెళ్తూ వాడిని, వాడి టీకాల పుస్తకాన్ని ఆవిడకి అప్పగించి వెళ్ళాడట. నేను వెళ్ళి ఆ పుస్తకం పేజీ పేజీ తిప్పాను. పళ్ళు చూశాను, చెవులు చూశాను, నడిపించి చూశాను. బుద్రమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏటి మేడమ్మా, ఈ గుంటడికి ఉజ్జోగం ఉందో లేదో కూడా సూత్తావేటి?"

నచ్చేసింది ఆ మనిషి నాకు.

జున్ను ఎదకి వచ్చిన పన్నెండో రోజు గురువారం పడింది. గురువారం ఒకసారి, శనివారం ఇంకోసారి క్రాసింగ్ చేయించమన్నారు డాక్టరు గారు. సెలవు పెట్టి తీసుకెళ్ళాను. ఆడదాన్నే మగదాని ఇంటికి తీసుకెళ్ళాలట, ఇంటర్నెట్లో చదివాను. రెండు పేజీల అగ్రిమెంటు కూడా టైపు చేయించుకెళ్ళాను. ఇదే మొదటి ఈత, ఇదే ఆఖరి ఈత, ఒక పిల్ల లడ్డూ వాళ్ళది, మిగతా బాధ్యతంతా నాది. బుద్రమ్మ చక్కగా సంతకం పెట్టింది.

"మరి మా మరేద కూడా సెయ్యాల కదా" అని వాళ్ళన్నయ్య గాసన్నని పిలిచింది. ఆయన ఊరికి పెద్ద. ఆయన వెనకాల ఇంకో నలుగురు వచ్చి చాప మీద కూర్చున్నారు. కాళ్ళు కట్టిన నాటుకోడి పెట్ట ఒకటి, కొత్త చీర ఒకటి, చిన్న మూటలో చోళ్ళు, అదే రాగులు, తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. దొప్పలో జీలుగు చెట్టు కల్లు పోసి చేతికిచ్చారు. ఎంత ఆదరణ! మా పెళ్ళిలో మా ఆడపడుచు నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కళ్ళు చెమర్చి, గటగటా తాగేశాను.

"అందరూ సూసినారు కదా, పుచ్చుకుంది" అన్నాడు గాసన్న. అందరూ తలలూపారు. బాగుండదని నేనూ ఊపాను.

శుక్రవారం డ్యూటీ కదా, జున్నుని అక్కడే ఉంచాను. పూట పూటకీ తూచిన తిండి పొట్లాలు కట్టి, ఏ పూట ఏది విప్పాలో రాసి మరీ ఇచ్చాను. ఇంటికొచ్చి కోడి పులుసు పెట్టాను. రమణ మూడుసార్లు వడ్డించుకున్నాడు.

శనివారం ఇద్దరం వెళ్ళాం. రెండో క్రాసింగు కూడా అయింది. హమ్మయ్య అనుకుని జున్నుని పెట్టే బుట్ట తీసి, "ఇక వస్తాం బుద్రమ్మా" అన్నాను.

"ఎల్లిరండి. కోడల్ని నాను సూసుకుంతాను."

పకపకా నవ్వాను. నేనొక్కదాన్నే నవ్వుతున్నానని కాస్త ఆలస్యంగా తెలిసింది.

గాసన్న నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళలో పిల్లని అడగాలంటే మగపెళ్ళివారే ఓలి ఇచ్చుకోవాలట. కోడి, చీర, గింజలు. పిల్ల తరఫు వాళ్ళు అవి పుచ్చుకుని, అయిదుగురి ముందు కల్లు తాగితే పిల్లని ఇచ్చేసినట్టేనట. హ్యాండ్‌బ్యాగులోంచి అగ్రిమెంటు తీసి గాల్లో ఊపాను.

"నీ కాయితం మీద నాను సంతకం ఎట్టినాను" అంది బుద్రమ్మ. "మా కాయితం నువ్వు తాగేసినావు."

రమణ గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. చంపేద్దామనిపించింది.

"అన్నీ తిరిగి ఇచ్చేస్తాను!" అన్నాను.

"ఇచ్చీయ్. ఆ కోడినే ఇచ్చీయ్" అన్నాడు గాసన్న.

"మొన్ననే పులుసైపోయిందండీ" అన్నాడు రమణ, గోడతో.

ఇది కాదని "జున్నూ, రా అమ్మా!" అని పిలిచాను. పొయ్యి పక్కన లడ్డూని ఆనుకుని పడుకుంది. మూతి నిండా చోడి అంబలి. నేను తూచి కట్టిన పొట్లాలు విప్పకుండా గూట్లో అలాగే ఉన్నాయి. తలెత్తి నన్ను చూసింది, తోక ఒక్కసారి ఆడించింది, మళ్ళీ తల వాల్చేసింది. ప్రాణం ఉసూరుమంది, నిజం చెప్తున్నాను. వాళ్ళు హాస్యానికి అంటున్నారో నిజంగానే అంటున్నారో నాకు అంతుపట్టలేదు. ఏడుపొచ్చేసింది.

"చిన్న జాతి కుక్క బుద్రమ్మా! పిల్ల అడ్డం తిరిగితే ఆపరేషన్ కావాలి. ఈ కొండ మీంచి ఎప్పుడు దింపుతావు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావు? దానికేమైనా అయితే నేను బతకను!"

బుద్రమ్మ మొహంలో నవ్వు పోయింది. వచ్చి నా పక్కన కూర్చుంది. సరిగ్గా అప్పుడు వెలిగింది నా బుర్ర.

"మా వైపు తొలి కానుపు పుట్టింట్లోనే! తల్లే పురుడు పొయ్యాలి. మీ ఆచారం నేను తాగాను కదా, మా ఆచారం మీరు మన్నించరా?"

గాసన్న గెడ్డం గోక్కున్నాడు, చెల్లెలి వైపు చూశాడు.

"నాయమే" అన్నాడు.

గెలిచాను! లేచి జున్నుని ఎత్తుకుని ముద్దులు పెట్టేస్తున్నాను. అంబలంతా నా మొహానికే అంటింది.

"మరి మేడమ్మా, మీ వైపు పురుడయినాక ఏటి సేత్తారు?" అని అడిగాడు గాసన్న, ఊరికే తెలుసుకుందామన్నట్టు.

ఆ సంతోషంలో ఒళ్ళు తెలియలేదు నాకు. "మూడో నెలలో సారె పెట్టి, పిల్లల్తో సహా అత్తారింటికి పంపిస్తాం!" అనేశాను. రమణ నా చెయ్యి గిల్లాడు. ఏం లాభం, అప్పటికే గాసన్న చాప మీది నలుగురి వైపూ తిరిగాడు.

"అందరూ సూసినారు కదా."

ఆ తర్వాత ప్రతి సంతకీ బుద్రమ్మ మా ఇంట్లో హాజరు. "కడుపుతో ఉన్న పిల్ల సోఫా మీంచి దూకుతాదేటి? సెప్పవా?" అని నన్ను కడిగేసేది. మా నున్నటి టైల్స్ మీద పాత గోనెసంచులు పరిపించింది. పురుటికి ఆవిడ ఓ పక్క, నేనో పక్క కూర్చున్నాం. ఆపరేషన్ అవసరం లేకుండా మూడు పిల్లలు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చాం.

మొన్న మూడో నెల వచ్చింది. పిల్లలకి టీకాలు పడ్డాయి. బుద్రమ్మ ఫోను. "ఆదోరం మంచిది. బేగి పంపు." పది రోజులుంచుకుని తిరిగి పంపిస్తుందట. నేను ఇంటర్వ్యూ చేసి పాస్ చేసిన రెండు కుటుంబాలూ ఈలోగా కొండెక్కి ఆవిడకి ఇంకో ఇంటర్వ్యూ ఇవ్వాలట!

మాట అన్నాక తప్పుతుందా? కుక్కలకి తీపి పనికిరాదు కాబట్టి చలిమిడి బుద్రమ్మ వాళ్ళకి, జున్నుకి ఉప్పు వెయ్యకుండా ఉడికించిన కోడి. పసుపు, కుంకుమ, అరటిపళ్ళు, రవికె గుడ్డ. అన్నీ సర్ది ఆటో మాట్లాడాను. రమణ పిల్లల బుట్ట ఒళ్ళో పెట్టుకుని ముందే కూర్చున్నాడు. జున్ను ఎగిరి ఎక్కింది. నేను గుమ్మంలో నిలబడి ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్నాను.

ఆటో కుర్రాడు పాపం జాలిపడ్డాడు. "అంత బెంగైతే మీరూ ఎక్కండి మేడం, సీటుంది కదా."

"నేనెలా వస్తానయ్యా!" అని వాడి మీద ఇంతెత్తున లేచాను. "ఆడపిల్ల తల్లిని! వియ్యాలవారు పిలవకుండా వెళ్తే పరువేం కాను?"