చదవకుండా తిప్పేసిన పేజీ

మా ఫోర్‌మన్ పోయాడని ఆయన కూతురు పంపిన వాయిస్ మెసేజ్‌ను పోయిన శుక్రవారం సౌదీలోని యాన్బులో, మా క్యాంపు మెస్‌లో విన్నాను. జగిత్యాల దగ్గర సొంతూళ్లో, నిద్రలోనే పోయాడట. నా ముందున్న అన్నం అట్లాగే ఉండిపోయింది. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో క్యాంపులో అందరికీ తెలుసు. మీకే చెప్పుకోవాలి.

శుక్రవారాలు మాకు క్షవరాల రోజు. గదుల ముందు నీడలో ఒకరు కుర్చీలో తల వంచితే, మిగతావాళ్లం వంతు కోసం కూర్చునేవాళ్లం. అప్పుడు ఫోర్‌మన్ అట్ట ఊడిపోయిన ఓ తెలుగు పుస్తకం తెచ్చి పైకి చదివేవాడు. ఎప్పుడో రోము రాజ్యం తరఫున దూరపు దీవిని ఏలిన ఒక సేనాని జీవితం అది. రాసింది ఆయన అల్లుడే.

"అల్లుడు రాసిండంటే పొగడ్త జర తీసేసి వినుర్రి," అని నవ్వించేవాడు. ఆ సేనాని కోపాన్ని మనసులో దాచుకునే రకం కాదట. అక్కడ ఆగి "గిది నేర్సుకోవాలె" అనేవాడు. మళ్లీ తనే, "అయినా మంది ఊర్లు కాలవెట్టినోడే గద," అనేవాడు.

చివర్లో ఒక పేజీ ఉంది. చక్రవర్తి మంచివాళ్లను జైలుకు పంపుతుంటే సభలో ఉన్న తామంతా నోరు మూసుకున్నామని, ఆ పాపంలో తమ చేతులూ ఉన్నాయని అల్లుడు ఒప్పుకుంటాడు. "గీ పేజీ కోసమే గీ పుస్తకం," అనేవాడు ఫోర్‌మన్.

ఎండాకాలం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన. ఒకరోజు పని వెనకబడిందని మేనేజర్ కానివ్వమన్నాడు. ఫోర్‌మన్ వినలేదు. పన్నెండు కాగానే అందరినీ పరంజా మీంచి దింపేశాడు. మర్నాడు మేనేజర్ నా ముందు ఒక కాగితం పెట్టాడు. ఫోర్‌మన్ పదింటికే పని ఆపించాడని అందులో ఉంది. నేను టైమ్‌కీపర్‌ని, ఎవరు ఎప్పుడు దిగారో నా రిజిస్టర్లోనే ఉంది. నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా రెన్యువల్ కాగితం కూడా అదే టేబుల్ మీద ఉంది. సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని చెప్పుకుంటే బాగుండేది. వణకలేదు.

ఆ కాగితం ఆయనకు చూపించి మరీ ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, మళ్లీ రాకుండా ఇంటికి పంపేశారు.

ఆఖరి శుక్రవారం కూడా పుస్తకం తెచ్చాడు. ఆ పేజీ దగ్గరికి వచ్చాడు. రెండు పేజీలు కలిపి తిప్పేసి ముందుకు చదివాడు. జుట్టు కత్తిరిస్తున్నవాడు కత్తెర ఆపాడు. ఎవరూ నావైపు చూడలేదు. తిట్టినా తట్టుకునేవాణ్ణి.

మా క్యాంపులో ఇంటికి వెళ్లేవాళ్ల కార్టన్‌ల మీద పేరు, ఊరు రాసేది నేనే. నా రాత గుండ్రంగా ఉంటుందని అందరూ నాకే ఇచ్చేవాళ్లు. ఆయన రాడనుకున్నాను. కార్టన్ మోసుకుని వచ్చాడు.

"వేరేటోళ్లతో రాయించుకో అన్నా," అన్నాను.

"అందరికీ నువ్వే రాస్తవు గద తమ్మీ. రాయి," అని మార్కర్ చేతికిచ్చాడు. అప్పుడు వణికింది.

క్షమించమని ఒక్కసారైనా ఫోన్ చేయలేదు. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూ గడిపేశాను.

నిన్న ఆయన కూతురు ఒక ఫోటో పంపి, "ఆ డబ్బ ఖాళీదే అంకుల్. పారేస్తనంటే బాపు ఒప్పుకోలే," అంది. దండ వేసిన ఆయన పటాన్ని ఆ కార్టన్ మీదే నిలబెట్టారు. పటం కింద ఆయన పేరు, ఊరు, గుండ్రటి నల్లటి అక్షరాల్లో. చివరి అక్షరం దగ్గర గీత కొంచెం వంకర పోయింది.