బెల్లం రాసిన కళ్ళెం

యాభై దాటాక మా నాన్నకి గుర్రం పిచ్చి పట్టింది. చోడవరంలో బ్యాంకు ఉద్యోగం చేసుకునే మనిషికి ఇదేం మాయరోగమో! ఫోన్లో వీడియోలు చూసీ చూసీ, ఏజెన్సీ కొండల నుంచి దిట్టమైన మగ గుర్రాన్ని తెచ్చి కారు షెడ్డులో కట్టేశాడు. ఆదివారం వస్తే చీడికాడ వైపు కొండదారుల్లో సవారీ.

దిగుడు వస్తే చాలు, గుర్రం ఇంటిముఖం పట్టి పరుగే. మొదట కొన్న కళ్ళేనికి నోట్లో పెట్టే కడ్డీ నున్నగా ఉండేది. దాన్ని అది లెక్కే చెయ్యలేదు. రెండోది మధ్యలో అతుకున్నది, లాగితే మడతపడి అంగిట్లో గుచ్చుకుంటుంది. అయినా ఆగలేదు. దారిలో జనం నవ్వుతుంటే నాన్నకి రోషం పొడుచుకొచ్చింది. మూడోది మెలితిప్పిన ఇనప తీగ, పక్కల పగ్గాలు కట్టే జానెడేసి చువ్వలు. పార్సిల్ విప్పుతూ, "దీని పొగరేటో ఇప్పుడు సూద్దాం" అని మురిసిపోయాడు.

ఆ ఆదివారం గుర్రం ఆగింది. ఆగక చస్తుందా! నాలుక మీద అడ్డంగా గాటు పడింది. నాకు ఒళ్ళు మండిపోయి, "ముందు మీ నోట్లో పెట్టుకుని చూడండి" అన్నాను. చెంప ఛెళ్ళుమనిపించాడు. ఉద్యోగం చేసుకుంటున్న దాన్ని, చిన్నపిల్లనైనట్టు.

తరవాతి వారం కళ్ళెం చూడగానే గుర్రం దవడలు బిగించేసింది. నాన్న కొట్టాడు, తిట్టాడు. అది నోరు తెరిస్తేగా! తెరిచేది ఒక్క అమ్మకే. రోజూ పొద్దున్నే బెల్లం ముక్క పట్టుకెళితే, మెడ చాచి ఆమె అరచేతిలో మూతి పెట్టేది. అమ్మ మాతో చెప్పుకోని మాటలన్నీ దానితో చెప్పుకునేది. ఆ సంగతి నాన్నకి తెలుసు.

తీగకి బెల్లప్పాకం రాసి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

"ఒసే, నువ్వెట్టు. నీకయితే తెరుస్తాది."

"నావల్ల కాదండీ. దాని నోరంతా పుండై ఉంది."

"అయితే రేపే ఇటుకల బట్టీకి తోలేస్తాను. బరువులు మోసి అక్కడే సస్తాది."

అమ్మ నాకేసి చూసింది. ఆమె షెడ్డులోకి వెళ్ళి, "రా నాయనా" అంది. గుర్రం మెడ చాచి నోరు తెరిచింది. అమ్మ ఇనుము లోపలికి తోసింది. నాన్న వెంటనే పట్టీ బిగించేశాడు.

సవారీ నుంచి వచ్చాక జీను విప్పాడు గానీ కళ్ళెం విప్పలేదు. మర్నాడు పొద్దున్న అమ్మ బెల్లం పట్టుకెళితే గుర్రం తల తిప్పేసుకుంది. చెయ్యి దగ్గరికి పెట్టేసరికి వణికింది. అమ్మ ఏడుస్తూ లోపలికి వచ్చింది.

"అది తీసెయ్యండి. గడ్డి నమల్లేకపోతోంది."

"తీస్తే మళ్ళీ ఎవులెడతారు? నువ్వెడతావేటి?"

"బట్టీకే అమ్మేయండి" అంది అమ్మ.

నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని పగలబడి నవ్వాడు.

"అమ్మడమేటే? ఇప్పుడే కదా నా మాట ఇంటన్నాది!"

ఆయన అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.