పచ్చదీపం వెలుగుతోందా?

మా బాబాయి తెర మీద కనిపించేదేదీ నమ్మడు. ఆయన ఉద్యోగమేమో పొద్దస్తమానం తెర వంక చూడటమే.

ఫోనులో వాన పడుతోందని చూపిస్తే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తడిసిన చేతిని పిన్నికి చూపించి, అది తడేనని ఆవిడ ఒప్పుకున్నాకే గొడుగు తీస్తాడు. హాల్లోంచి వంటింట్లోకి మెసేజ్ పంపి, దాని వెనకాలే తనూ వెళ్ళి అందిందా అని అడుగుతాడు. పెళ్ళికి ముందు తనను మొదటిసారి చూసినప్పుడు కూడా, చేతిలో ఫొటో పట్టుకుని "ఇందులో ఉన్నది మీరేనా" అని తననే అడిగాడని పిన్ని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

నేనూ ఆయన ఆఫీసులోనే, ఆయన పక్క కుర్చీలోనే చేరాను. మనుషులు తరచుగా వెళ్ళలేని చోట్ల ఉన్న కంప్యూటర్లను ఇక్కడి నుంచే కనిపెట్టి ఉండటం మా పని. అవతలి యంత్రం మూర్ఛపోయినా సరే, దాని మొహం మన ముందుకు తెచ్చే దొడ్డిదారి ఒకటుంటుంది. దాన్నే కన్సోల్ అంటాం. అది తెరుచుకుంటే ఎక్కడో ఉన్న యంత్రం ముందు మనమే కూర్చున్నట్టు.

కొండ మీద వాన కొలిచే కేంద్రంలో ఒక పాత యంత్రం ఉండేది. దాని కన్సోల్ తెరవాలంటే అంతే పాత జావా ప్రోగ్రాము కావాలి. కొత్త కంప్యూటర్లేమో ఆ ప్రోగ్రామును చూడగానే, నీకు భద్రత లేదు పొమ్మంటూ గుమ్మంలోనే నిలబెట్టేసేవి. అందరూ చేతులెత్తేశారు. మా బాబాయి మాత్రం ఆ ప్రోగ్రామునూ, దానికి అలవాటైన పాత సరంజామానూ కలిపి, కంప్యూటర్ లోపలే విడిగా ఉండే అరలాంటి ఒక కంటైనర్‌లో సర్దాడు. కొత్త ఇంట్లో ముసలాయనకి విడిగా ఒక గది ఇచ్చినట్టన్నమాట. ఆ గది తలుపు తీస్తే చాలు, కొండ మీది యంత్రం నల్లటి తెరా తెల్లటి అక్షరాలూ మా ముందు ప్రత్యక్షం.

"పాతవాళ్ళని బయటికి తోసెయ్యకూడదమ్మాయ్. వాళ్ళ మంచం వాళ్ళకి వేసి ఉంచాలి" అన్నాడు, పని పూర్తయ్యాక.

అంత కష్టపడి తెరిచిన కన్సోల్‌ను రోజూ పొద్దున్నే ఆసాంతం చూసేవాడు. అంతా సవ్యంగానే ఉండేది. అప్పుడు ఫోను తీసి, కొండ మీద కేంద్రాన్ని చూసుకునే పెద్దాయనకి చేసేవాడు.

"అన్నగారూ, పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోందా?"

దీపం సంగతి ఒక్క మాటలో తేలిపోయేది. తక్కిన సంగతులు తేలేవి కావు. కొండ మీద మంచు ఎంత దిగింది, మోకాలి నొప్పి తగ్గిందా, నిన్న తలుపు గీకిన నక్క మళ్ళీ వచ్చిందా. మనిషి ఇక్కడ, కళ్ళు కొండ మీద అని ఆఫీసంతా నవ్వుకునేవాళ్ళం.

మా మేనేజరు ఉండబట్టలేక ఒకరోజు అడిగాడు, కన్సోల్లో అన్నీ కనబడుతుంటే ఈ ఫోను దేనికని. తెర అబద్ధమాడితే ఎలాగన్నాడు బాబాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఆడిందా అన్నాడు మేనేజరు.

"ఇంతవరకూ ఆడలేదంటే, ఆడే రోజు దగ్గరపడిందన్నమాట" అన్నాడు బాబాయి. మేనేజరు తల పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమధ్య బాబాయికి గొంతు పోయింది. మాట్లాడితే ఊరుకోనన్నాడు డాక్టరు. ముందు కన్సోల్ చూడమనీ, తర్వాత ఫోను చేసి దీపం అడగమనీ సైగలతోనే నాకు పని అప్పగించి ఇంట్లో పడుకున్నాడు. మర్నాడు కంటైనర్ తెరిచి చూశాను. అంతా బాగుంది. నేను చేసేలోగా ఫోనే మోగింది.

"సారు బాగున్నారా అమ్మా?" అవతల పెద్దాయన.

గొంతు సంగతి చెప్పాను. అయ్యో అన్నాడు. అప్పగించిన పని కదా అని, పచ్చదీపం వెలుగుతోందా అని అడిగాను. ఆయన నవ్వాడు.

"దీపమెక్కడిదమ్మా. అది పోయి చాలా కాలమైంది."

"మరి రోజూ వెలుగుతోందనే చెబుతారుగా?"

"సారు అడుగుతారు, నేను చెబుతాను. పోయిన రోజే చెప్పానమ్మా ఆయనకి. తెల్లారి మళ్ళీ అదే అడిగారు."

అప్పుడు మెల్లగా మొత్తం చెప్పాడు. భార్య పోయిన కొత్తలో అక్కడ పలకరించే దిక్కు లేదట. ఒకసారి ఏదో పని మీద బాబాయి ఫోను చేస్తే ఈయనకి గొంతు పెగల్లేదట. మాట్లాడి ఎన్నాళ్ళైందని బాబాయి అడిగితే, గుర్తులేదన్నాడట. ఆ మర్నాటి నుంచే ఈ దీపం మొదలైంది.

"ఊరికే బాగున్నారా అని చేస్తే నాకు మొహమాటం. పని మీద చేస్తే మాట్లాడతాను. అది కనిపెట్టారు ఆయన" అన్నాడు పెద్దాయన. "గొంతు తప్ప మనిషిని ఎరగనమ్మా. పొట్టో పొడుగో కూడా తెలీదు. ఒక్కసారి చూడాలనుంటుంది."

గొంతు వచ్చాక బాబాయిని అడిగితే, ఆఫీసులో అనకు అన్నాడంతే.

కొన్నాళ్ళకి ఆ పాత యంత్రం తీసేసి కొత్తది పెట్టారు. అది ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. తన క్షేమం తనే గంటగంటకీ చెప్పుకుంటుంది. ఇక కొండ మీదికి ఫోన్లు అక్కర్లేదని మేనేజరు తేల్చేశాడు. కంటైనర్‌కి పనిలేకుండా పోయింది. అయినా బాబాయి దాన్ని తీసెయ్యనివ్వలేదు. పొద్దున్నే తెరిచేవాడు. అవతల పలికేవాళ్ళు లేక ఖాళీ తెర అలాగే ఉండేది. చెయ్యి ఫోను దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది.

చూడలేక, ఇంటి నుంచి చెయ్యొచ్చుగా బాబాయ్ అన్నాను.

"ఏమని చెయ్యనే? అడగడానికి పనేదీ లేదుగా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, మొహమాటం కొండ మీద ఒక్కచోటే లేదని. ఆ మాట పిన్నికి చెప్పాను. ఆవిడ సంచి సర్ది ఆయన చేతికిచ్చింది.

బస్సు దిగి, కొండ ఎక్కి, తలుపు తట్టాడట బాబాయి. మీరేనా అంటే మీరేనా అనుకున్నారు. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ప్రయాణం ఎలా జరిగిందని ఒకరు, బాగానే జరిగిందని ఒకరు. అంతే, మాటలు అయిపోయాయి. టీ తాగారు. మంచు వంక చూశారు. ఇన్నేళ్ళు మాట్లాడుకున్నవాళ్ళు ఎదురుపడేసరికి కొత్త వియ్యంకుల్లా గ్లాసులు తిప్పుతూ కూర్చున్నారు.

చివరికి పెద్దాయన లేచి, పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. బాబాయి జేబులో ఫోను మోగింది.

"కులాసానా సారూ?"

"కులాసానే అన్నగారూ. ఇక్కడెవరో పెద్దాయన నన్ను చూసి తెగ సిగ్గుపడుతున్నారు."

"ఆయనంతే సారూ. మీరే కాస్త సర్దుకుపోవాలి."

గోడకి చెరోవైపు కూర్చుని పొయ్యి వెలిగించే వేళదాకా మాట్లాడుకున్నారట.