పెద్దనాయన కలిపిన శ్రుతి

పెద్దమందడిలో పెళ్లి ఊరేగింపుకి బ్యాండు యూనిఫాం తొడుక్కుంటుంటే ఫోన్ వచ్చింది. గద్వాలలో పెద్దనాయన పోయాడని. పొద్దున చాయ్ తాగి, ఎవరో బాగుకిచ్చిన క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని అలాగే వెళ్లిపోయాడట. నేను టోపీ తీసి వ్యాను మీద పెట్టాను. మా బ్యాండు ఓనరు నా మొహం చూసి, ఏమీ అడగకుండానే "పో, మేం జూసుకుంటం" అన్నాడు. ఏనాడూ సెలవు ఇవ్వని మనిషి!

పెద్దనాయన నాకు రక్తసంబంధం కాదు. మా నాయనా ఆయనా పడుచు రోజుల్లో హైదరాబాదు వెళ్లి, ఏదో పాత మిలటరీ బ్యాండు సామాను వేలంలో ఒకే పెట్టెలో ఉన్న రెండు ఆల్టో సాక్సాఫోన్లు కొన్నారు. అచ్చంగా జోడు. ఆ జోడు వరుసకే నాకు ఆయన పెద్దనాయన. మా నాయన అమరచింతకు ఒకటి తెచ్చుకున్నాడు, ఆయన గద్వాలకు ఒకటి పట్టుకుపోయాడు. మా నడిగడ్డ ప్రాంతంలో ఏ బ్యాండు వాయిద్యం మూగబోయినా చివరికి ఆయన గడప ఎక్కాల్సిందే.

నాయన పోయాక ఆయన సాక్సు నాకు వచ్చింది, దాంతోపాటు ఒక దయ్యం కూడా వచ్చిందనుకున్నాను. కింది స్వరాలు బాగానే పలికేవి. పై స్థాయికి వెళ్తే చాలు, ఎక్కువ శ్రుతిలో కీచుమనేది. నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్లిలో కీబోర్డుతో కలిసి వాయిస్తుంటే ఆడపెళ్లివారి పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. ఆ రోజే ఓనరు తెగేసి చెప్పాడు: "వచ్చే లగ్గాల నాటికి ఇది కలవకుంటే నేను వేరేటోన్ని జూసుకుంట. నువ్వేమనుకోకు." నాకు వేరే పని రాదు. నాకు కోపం ఎక్కువ, బుర్ర తక్కువ. మెడ గొట్టం బిరడాకు ప్లాస్టిక్ టేపు చుట్టాను, ఒక మీట వంచాను, ఇంకోటి వంచబోయి మా ఆవిడ తిడితే ఆగాను.

ఆ అవతారంలో ఉన్న సాక్సును పట్టుకుని గద్వాల వెళ్లాను. పెద్దనాయన జొన్నరొట్టె తింటున్నాడు. టేపు చూసి నవ్వాడు. నవ్వితే పైన ముందు పళ్లలో ఒకటి సగం విరిగి కనబడేది. ఎప్పుడో బ్యాండు లారీ గుంతలో పడ్డప్పుడు విరిగిందది.

"ఏందిరా ఇది, సైకిల్ ట్యూబుకు పంచరేసినట్టు! తెల్వదంటే తప్పు గాదు కొడకా. తెల్వకుంట గెలికితేనే తప్పు."

ఈ తిట్టు ఆయన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడూ కనీసం పదిసార్లు తిన్నాడు.

ఆయన వెంటనే సాక్సును ముట్టుకోలేదు. రొట్టె అయిపోయేదాకా నాతో ఒక్కటే స్వరం ఊదించాడు. తర్వాత చిన్న బల్బు వెలిగించి గొట్టంలోకి దింపి, మా ఇద్దరి మీదా దుప్పటి కప్పేశాడు. పట్టపగలు, ఎండాకాలం, దుప్పటి కింద! మీటల కింద ఉన్న మెత్తటి ప్యాడ్లు సరిగా మూసుకోని చోటల్లా వెలుతురు సన్నగా కారింది. "సూడు, గాలి ఏడికెల్లి పోతుందో దీపం చెప్తది" అన్నాడు. రెండు రోజులు కూర్చుని ఆ ప్యాడ్లు మార్చాడు, నేను వంచిన మీటను బతిమాలినట్టుగా వెనక్కి తెచ్చాడు. వాయించాను. గాలి కారడం ఆగింది గానీ పై స్థాయి కీచుదనం పోలేదు.

అప్పుడు మౌత్‌పీసు ఊడదీసి లోపలికి చూశాడు. "ఇది కొత్తది గదరా. మీ నాయనదేది?"

"నాయన జేబుల పెట్టి మట్టి చేసినం పెద్దనాయనా."

మా బ్యాండువాళ్లలో అది ఆచారం. వాయించినవాడి ఎంగిలి వాడితోనే పోవాలని, మౌత్‌పీసు జేబులో పెట్టి సాగనంపుతాం. ఆయన కొత్త మౌత్‌పీసు కంతలో చిటికెన వేలు పెట్టి చూశాడు.

"పాతదానికి లోపల బొర్ర పెద్దగుంటది. గీ కొత్తది ఇరుకు. లోపలికి తోస్తే పైయి ఎక్కుతయ్, బయటికి గుంజితే కిందియి దిగుతయ్. రెండు ఒక్కసారి కలవయ్. మనోళ్లు గొంతును మట్టిల పెట్టి, పెయ్యిని వాయించుమంటరు. సరే, పరేషాన్ గాకు. వారం ఆగి రా."

వారం తర్వాత ఒక నల్లటి పాత మౌత్‌పీసు చేతిలో పెట్టాడు. పళ్లు ఆనేచోట రబ్బరు ముక్క అతికించి ఉంది. "హైదరాబాద్‌ల పాత సామాన్లు అమ్మెటోని కాడ దొరికింది. గా రబ్బరు పీకకు, పండ్లకు మంచిది." ఊదాను. కింది స్వరం, దాని పై స్వరం అన్నదమ్ముల్లా కలిశాయి. ఆయన మొహం తిప్పుకుని పెద్దమ్మను చాయ్ పెట్టమన్నాడు. ఆ లగ్గాలలో నా పని నిలబడింది, ఈనాటికీ నిలబడే ఉంది.

ఆ ఏడాదే పెద్దనాయన వాయించడం మానేశాడు. "పండ్లు కదులుతున్నయ్ రా" అనేవాడు. మల్దకల్ జాతరకు పిలిచినా రాలేదు. నేను ఊరుకుంటానా! "మటన్ బొక్కలు కొరికే పండ్లకు సాక్సు బరువైందా?" అని అందరిలో ఎగతాళి చేశాను. ఆయన నవ్వాడు. ఆ మాటకు నా నోరు పడిపోయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

గద్వాలకు చేరేసరికి ఇంటినిండా జనం. నాలుగు బ్యాండ్లవాళ్లు వచ్చారు. పెద్దమ్మ ఆయన సాక్సు పెట్టె ముందేసుకుని ఏడుస్తూ వెతుకుతోంది. "ఆయన ఊదే మూతిది లేదు బిడ్డా. జేబుల ఏం పెట్టాలె? ఇరిగిన పన్ను దిక్కు గాటు తేలిగ్గ, మంచి పన్ను దిక్కు లోతుగ ఉంటది. చూస్తే గుర్తువడ్త."

నా సాక్సు భుజానే ఉంది. గోడ చాటుకు వెళ్లి, నా మౌత్‌పీసు మీది రబ్బరు ముక్కను గోటితో లేపాను. ఒకవైపు లోతైన గాటు. ఇంకోవైపు ఉందా లేదా అన్నట్టు చిన్న గీత.

ఒక్క క్షణం నా పిల్లలు గుర్తొచ్చారు, పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. మళ్లీ రబ్బరు అతికించేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచను. తర్వాత వెళ్లి పెద్దమ్మ చేతిలో పెట్టాను.

ఆమె వేలితో ఆ గాటును తడిమింది. "పండ్లు కదులుతున్నయని నాకు సుత అదే చెప్పిండు" అంది. ఆయన మొహం వైపు తిరిగింది. "ముసలోడా, నాతోని సుత అబద్ధమాడితివా!"

"జేబుల పెట్టు పెద్దమ్మా. ఆయనది ఆయనకే."

"మీ నాయనది మట్టిల పెడితే ఏమైందో ఈయన జూసిండు గద. నేను మళ్ల గదే జెయ్యాల్నా? తియ్యి, ఎక్కియ్యి. నడుసుకుంట వాయించు." మౌత్‌పీసు నాకిచ్చి, నా వేళ్లకు అంటుకున్న ఆ రబ్బరు ముక్కను తీసి ఆయన చొక్కా జేబులో పెట్టింది.

శ్మశానం దాకా వాయించాను. రబ్బరు లేని మౌత్‌పీసు మీద నా పై పన్ను ఒకటి ఆ లోతైన గాటులో కుదురుగా కూర్చుంది. రెండోదానికి చోటు దొరకలేదు. అది దారి పొడుగునా జారుతూనే ఉంది.